ఇంటర్వ్యూ జుట్టు

మా రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ. ఇటు నా క్షవరం కొట్టు, అటు జురేమ సెలూన్. గోడ మరీ పలచన. నా దగ్గర గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నవాళ్లు అవతల ఆడవాళ్ల కబుర్లు వినడానికి తల అటే తిప్పుతుంటారు. "కదలకురా నాయనా, చెవి తెగితే నా పూచీ లేదు" అని నేను మొత్తుకుంటూ ఉంటాను. నలభై ఏళ్లుగా ఇదే వరస.

పొద్దున్నే అటునుంచి కాలిన జుట్టు వాసన వస్తుంది. ఇనుప దువ్వెనని పొయ్యి మీద కాల్చి, నూనె రాసిన ఉంగరాల జుట్టులోంచి లాగితే వచ్చే వాసన అది. మొదట్లో ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వాసన రాకపోతే జురేమకి ఒంట్లో బాగోలేదేమోనని గోడ మీద తడతాను. "ఇంకా చావలేదులే, నీ పని చూసుకో" అని అటునుంచి కేక వస్తుంది. అప్పుడు నాకు స్థిమితంగా ఉంటుంది.

జురేమ పొట్టిగా, వెడల్పుగా, నల్లగా ఉంటుంది. మా ఊరు బార్రా ఫ్రియాలో నల్లగా ఉన్నవాళ్లని నల్లగా ఉన్నారనడానికి జనానికి మొహమాటం, చామనఛాయ అంటారు. ఆమె ముందు ఆ మాట అంటే ఊరుకోదు. "చామనఛాయ ఏంటయ్యా, కళ్లజోడు పెట్టుకో!" అంటుంది. నేనేమో పాలిపోయిన తెలుపు, ఎర్రటి చెవులు. మా తాత జర్మనీలోని పొమెరేనియా నుంచి ఓడెక్కి బ్రెజిల్ వచ్చినవాడు. నా పేరు ఎర్విన్ అని చెప్పి, మా వంశం గురించి గొప్పగా చెప్పుకున్న మొదటిరోజే ఆమె, "పొమెరేనియనా? ఆ బొచ్చుకుక్కల జాతేగా?" అంది. ఇప్పటికీ నెలకోసారి ఆ జోకు వేసి తనే పడీపడీ నవ్వుతుంది.

కొట్లు తెరిచాక ఆమె గుమ్మం ముందు రెండు పీటలేసుకుని మాతె తాగుతాం. ఎండిన సొరబుర్రలో మాతె ఆకు పోసి, వేణ్నీళ్లు పోసి, ఇత్తడి గొట్టంతో పీల్చడం. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. ఆమె తాగి నాకిస్తుంది, నేను తాగి ఆమెకిస్తాను. దెబ్బలాడుకోవడం కూడా అలాగే, వంతులవారీగా.

ఆమె ఈ వృత్తిలోకి ఎలా వచ్చిందో వింటే జురేమ అంటే ఏమిటో తెలుస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు పేపర్లో ప్రకటన చూసిందట. బట్టల కొట్లో సేల్స్ గాళ్ కావాలి, చక్కని రూపం ఉండాలి. ఆ రోజుల్లో మా దేశంలో 'చక్కని రూపం' అంటే అర్థమేమిటో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఈ పిల్ల మంచి గౌను వేసుకుని వెళ్లింది. యజమాని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఉద్యోగం నిండిపోయిందమ్మా" అన్నాడు. మర్నాడు పేపర్లో అదే ప్రకటన మళ్లీ ఉంది.

ఇంకొకరైతే ఏడ్చి ఊరుకుందురు. జురేమ వాళ్ల పిన్ని దగ్గరికి వెళ్లి జుట్టు సాపు చేయించుకుని, మొహానికి పౌడరేసుకుని అదే కొట్టుకి మళ్లీ పోయింది. ఈసారి ఉద్యోగం ఇచ్చారు, కానీ కౌంటర్ దగ్గర కాదు, వెనకాల గోదాంలో తానులు మడతపెట్టే పని. జనం ముందుకి రావద్దన్నారు.

"అప్పుడే నాకు తెలిసింది ఎర్విన్. ఉత్త జుట్టు సాపు చేస్తేనే వీధిలోంచి గోదాం దాకా వచ్చాను. మిగతావాళ్లని గోదాంలోంచి కౌంటర్ దాకా నేను పంపలేనా అనుకున్నాను" అంది నాతో ఒకసారి.

పంపింది కూడా. పిన్ని దగ్గర పని నేర్చుకుని ఈ కొట్టు పెట్టింది. చుట్టుపక్కల పేటల్లో నల్లపిల్ల ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా ముందురోజు జురేమ కుర్చీలో కూర్చోవాల్సిందే. దానికి ఆమె పెట్టిన పేరే ఇంటర్వ్యూ జుట్టు. బ్యాంకుకి వేరు, బడికి వేరు, డాక్టరుగారి రిసెప్షన్‌కి వేరు. మాది చెరువుగాలి ఊరు, చెమ్మ తగిలితే సాపు చేసిన జుట్టు మళ్లీ లేచి నిలబడుతుంది. అందుకని జురేమ తనే గొడుగు పట్టుకుని బస్సుస్టాపు దాకా వెళ్లి పిల్లని బస్సెక్కించి వచ్చేది. ఉద్యోగం వస్తే ఆ పిల్ల కేకు పట్టుకొచ్చేది, అందులో ఒక ముక్క గోడ ఇవతలికీ వచ్చేది. రాకపోతే పిల్ల ఏడుస్తూ వచ్చేది, జురేమ ఆ పిల్లకి చారూ అన్నం పెట్టి, ఆ ఆఫీసువాణ్ణి మూడు తరాలు తిట్టేది. ఆ తిట్లు వినడానికి నా దగ్గర గిరాకీ పెరిగేది. ఇంత మంచి మనిషి ఇంకొకరు మా వీధిలో లేరు, ఈ మాట ఆమె ముందు మాత్రం అనను.

మా ఇద్దరికీ గట్టిగా చెడింది యూనివర్సిటీ కోటాల దగ్గర. నాకు కోటా అంటే ఒళ్లు మంట, దాచుకోవడం నాకు చేతకాదు. మా అబ్బాయి కొడుకు మార్కోస్ కాస్తలో సీటు పోగొట్టుకుని మాంసం కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. వాడికంటే తక్కువ మార్కులవాడికి రంగు చూసి సీటిచ్చారు. ఆ పొద్దున మాతె బుర్ర చేతిలో పట్టుకునే అడిగాను.

"జురేమా, మొహం రంగు చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం తప్పా కాదా?"

"తప్పే."

"మరి మొహం రంగు చూసి సీటివ్వడం ఒప్పెలా అయింది? రెండూ మొహం చూడటమేగా? వివక్షంటే ఎటునుంచైనా వివక్షే."

ఆమె తాపీగా నా వైపు తిరిగింది. "నువ్వు మనుషుల గొంతు మీద కత్తి పెడతావు. దొంగా పెడతాడు. నీ దగ్గరికి జనం డబ్బులిచ్చి ఎందుకొస్తున్నారు?"

"నేను గడ్డం గీస్తాను గనక."

"అదే నేను చెప్పేదీ. కత్తి ఎందుకు పెట్టావన్నది చూడాలి."

"ఎందుకు పెట్టినా అప్పుడప్పుడు తెగుతుంది" అన్నాను.

"తెగితే పటిక రాస్తావుగా."

"మా మార్కోస్‌కి ఎవరు రాశారు పటిక?"

జురేమ మాతె బుర్రలో నీళ్లు పోసుకుంది. "మార్కోస్‌కి దెబ్బ తగల్లేదని నేననను. మంచి పిల్లాడు" అంది. తర్వాత నా మోకాలి మీద ఒకటేసి, "కానీ మీ తాతకి సర్కారు భూమిచ్చిందా లేదా?"

"ఇచ్చింది. దాంట్లో రాళ్లేరి నడుం విరగ్గొట్టుకున్నాడు."

"మా ముత్తాత కూడా విరగ్గొట్టుకున్నాడు, ఉప్పుమాంసం ఎండబెట్టే కొట్టాల్లో, బానిసగా. ఆయన్ని వదిలేసిన రోజున చేతిలో ఏం పెట్టారో తెలుసా? ఏమీ లేదు. మీ తాత మొహం చూసే కదా పిలిచి భూమిచ్చారు! అప్పుడు నీకు వివక్ష గుర్తురాలేదేం?"

"అప్పటికి నేను పుట్టలేదే తల్లీ!"

"మార్కోస్ సీటు పోయినప్పుడు నేనూ అక్కడ లేను నాయనా!"

కొన్నాళ్లు నేను మాతెకి పోలేదు. ఒక పొద్దున గోడ మీద ఆమే తట్టింది. "ఓ పొమెరేనియన్! నీళ్లు చల్లారిపోతున్నాయి" అంది. వెళ్లి కూర్చున్నాను. వాదన మాత్రం ఎక్కడ ఆపామో అక్కడినుంచే మొదలైంది.

ఇలా ఉండగా జురేమ మనవరాలు తైనా పశువైద్యం కోర్సుకి పరీక్ష రాసింది. ఆ పిల్ల తల్లి రాజధానిలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ నెలాఖరుకి వస్తుంది. తండ్రి లారీ డ్రైవరు, నాలాంటి పాలిపోయిన రకం, ఎప్పుడో మాయమయ్యాడు. పిల్ల పెరిగిందంతా జురేమ కొట్లోనే. వీధిలో బండి లాగే గుర్రాలకి కాలు వాచినా, కుక్కకి గజ్జి వచ్చినా తైనా అక్కడ ఉండేది. నా పిల్లికి పురిటినొప్పులొస్తే నేను గాబరా పడి పరిగెత్తింది కూడా ఆ పిల్ల దగ్గరికే. పశువుల డాక్టరు అవడం తప్ప ఇంకో మాట దాని నోట్లో ఎప్పుడూ లేదు. ప్రైవేటు కాలేజీ ఫీజులు వాళ్ల వల్ల అయ్యేవి కావు, వస్తే ఈ సీటు రావాలి, లేకపోతే వాళ్లమ్మ పక్కన నిలబడి బిస్కెట్లు పెట్టెల్లో సర్దాలి.

మార్కులు వచ్చాయి. నల్లజాతి, మిశ్రమజాతి పిల్లల కోటాలో సీటుకి సరిపోయాయి. జురేమ గోడ మీద తట్టడం కాదు, గోడ పగలగొట్టినంత పని చేసింది. ఇంకా ఒక్క మెట్టుంది. కమిటీ.

ఒకప్పుడు 'నేను ఫలానా జాతి' అని రాసిస్తే సరిపోయేది. పాలపిండిలా తెల్లగా ఉన్నవాళ్లు కూడా అలా రాసిచ్చి సీట్లు కొట్టేస్తున్నారని గోల లేచాక కమిటీలు పెట్టారు. ఐదుగురు కూర్చుంటారు. పిల్లో పిల్లాడో వాళ్ల ముందు నిలబడి నేను ఫలానా అని పైకి చదవాలి. వాళ్లు చూస్తారు. తల్లి ఎవరు, తాత ఎవరు అని అడగరు, ఫోటోలు చూపిస్తామన్నా ఒప్పుకోరు. వీధిలో నిన్ను చూసినవాడికి నువ్వు ఎలా కనపడతావు, అదొక్కటే లెక్క. కొట్టు యజమాని జురేమని చూసినప్పుడు వాళ్ల తాత పేరు అడగలేదుగా, ఇదీ అంతే.

"సంతలో గొడ్డు పళ్లు చూసినట్టు మనుషుల మొహాలు చూడటమేంటి?" అన్నాను నేను.

జురేమ పీట మీంచి లేచింది. "ఆ మాట ఇంకోసారి అనకు. నిజంగా మావాళ్లని పళ్లు చూసి కొన్నవాళ్ల మనుమల మధ్య బతికేదాన్ని నేను. చూడటంలో తేడా నాకు తెలుసు." లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది.

కమిటీ రోజు రానే వచ్చింది. ముందురోజు జురేమ ఏం చేసిందంటే, నలభై ఏళ్లుగా ఏం చేస్తోందో అదే చేసింది. తైనాని కుర్చీలో కూర్చోబెట్టి దువ్వెన పొయ్యి మీద పెట్టింది.

"అమ్మమ్మా, మామూలుగా పోతే చాలేమో" అంది పిల్ల.

"మామూలుగానా? చింపిరి తలేసుకుని యూనివర్సిటీవాళ్ల ముందుకా? నా పరువేం కావాలి?"

"అది కాదు, వాళ్లు చూసేది..."

"నిన్నే చూస్తారు. అందుకే చెప్తున్నా, తల వంచు!"

తల వంచింది. అమ్మమ్మ మాట ఆ పిల్ల ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజు సాపు చేసిన జుట్టు జురేమ జీవితంలోకెల్లా గొప్ప పని. నడుం దాకా నున్నగా జారింది. మొహానికి దాని రంగుకన్నా ఒక వన్నె తెల్లటి పౌడర్ అద్దింది, మెడ దాకా బొత్తాలు పెట్టింది. కొట్లో ఉన్న ఆడవాళ్లంతా "అబ్బ, సినిమా తారలా ఉందే!" అని చప్పట్లు కొట్టారు. నన్నూ పిలిచి చూపించారు. నేనూ చప్పట్లు కొట్టాను. చేస్తున్నదేమిటో ఒక్కరికంటే ఒక్కరికీ తట్టలేదు. ఇంటర్వ్యూ అంటే మా వీధిలో ఒకటే అర్థం మరి. మర్నాడు జురేమ గొడుగు పట్టుకుని బస్సెక్కించి వచ్చింది.

జవాబు పిల్ల ఫోన్‌కి వచ్చింది. ఐదుగురిలో ముగ్గురికి ఆమెలో నల్లజాతి, మిశ్రమజాతి పోలికలు కనపడలేదు. సీటు లేదు. అభ్యంతరం ఉంటే ఇంకో కమిటీ ముందుకి ఒకసారి రావచ్చు.

నేను వెళ్లేసరికి తైనా గుమ్మంలో కూర్చుని ఉంది. జురేమ నిలబడే ఉంది. వాతావరణం తేలిక చేద్దామనుకుని నోరు జారాను. "నీ మనవరాల్ని తెల్లపిల్ల అన్నారే జురేమా! నీ పనికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?"

ఎవరూ నవ్వలేదు. జురేమ మనవరాలి తల వైపు చూసింది, పొయ్యి పక్కనున్న దువ్వెన వైపు చూసింది. "అవును. నా పనే" అంది. కుర్చీలో కూలబడింది, కస్టమర్లు కూర్చునే కుర్చీలో. ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"చక్కగా ఉండాలనే కదే చేశాను" అంది పిల్లతో. "పిన్ని నాకు చేసింది, నేను ఊరందరికీ చేశాను. కౌంటర్ దాకా పంపాలంటే ఇదొక్కటే నాకు తెలిసింది. నీ సీటు నేనే తీసేశానే తల్లీ."

"నువ్వు తియ్యలేదు అమ్మమ్మా" అని తైనా ఆమె మోకాళ్లు పట్టుకుంది. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు.

"ఇదీ మీ కమిటీల న్యాయం! ఒక్క దువ్వెన దెబ్బకి పోయే సీటు ఒక సీటేనా? జుట్టు నిలబడితే సీటు, పడుకుంటే లేదు! దీన్ని వివక్ష అనక ఏమంటారు?" అని అరిచాను.

జురేమ తలెత్తింది. "జుట్టు వల్ల సీట్లు రావడం, పోవడం నీకు ఇవాళ కనపడిందా ఎర్విన్? నేను దాని మీదే ఇన్నేళ్లు అన్నం తిన్నాను. గోడ అవతలే ఉన్నావు. వాసన కూడా పీల్చావు."

అభ్యంతరం పెట్టారు. కొత్త కమిటీకి రోజు ఇచ్చారు. అంతకుముందు ఆదివారం జురేమ మనవరాలి తల కడిగింది. నీళ్లు మోయడానికి నన్నూ పిలిచింది, ఆ రోజు మా వీధికి కుళాయి రాలేదు. చెంబులతో పోస్తుంటే నున్నటి జుట్టు ముడుచుకుని, చుట్టలు తిరిగి, తల చుట్టూ లేచింది. పౌడర్ పోయాక పిల్ల మొహం పల్చటి తేనె రంగులో తేలింది. జురేమ ముక్కే ఆ పిల్లది. ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు.

"ఇప్పుడిలా కడిగి పంపడం మోసం కాదూ?" అన్నాను. పాడు నోరు ఊరుకోదుగా.

"మొన్న పంపిందే మోసం. ఇది పిల్ల" అంది జురేమ.

సాపు చేసే దువ్వెన కాకుండా మామూలు దువ్వెన తీసుకుంది. ఒక్క లాగు లాగింది, తైనా కేకేసింది. ఇంకోచోట పెట్టింది, దువ్వెన పళ్లు విరిగాయి. జురేమ చేతులు గాలిలో ఆగిపోయాయి. ఊళ్లో సగం తలలు చూసిన చేతులు, తమ ఇంటి తలని ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాయి. పిల్లకి ఆరేళ్లున్నప్పటినుంచీ ఈ జుట్టుని ఆమె సాపు చేస్తూనే ఉంది. సాపు చెయ్యనిదాన్ని ఎలా దువ్వాలో నేర్చుకోవాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

"నాకిది రాదే" అంది చిన్నగా.

"తడిగా ఉన్నప్పుడే, వేళ్లతో" అంది తైనా. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తన తలలో పెట్టుకుంది. "కొసల్నుంచి పైకి రావాలి. కొంచెం కొంచెం విడదియ్యి. లాగకు." జురేమ పొయ్యి మీద అన్నం మాడిపోయేదాకా అలా వేళ్లతో విడదీస్తూనే ఉంది. నేను చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను, పొమ్మనలేదు గనక.

కమిటీ రోజున నా పాత కారులో తీసుకెళ్లాను. దారిలో రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ జురేమ దిగి తోసింది. అక్కడ వరండాలో చాలామంది పిల్లలున్నారు. మా పక్కన కూర్చున్న ఒక కుర్రాడు ఎండలో పడుకుని పడుకుని ఎర్రగా కాలిపోయి వచ్చాడు, ముక్కు మీద తోలు ఊడుతోంది. వాళ్లమ్మ మా వైపు చూడకుండా కూర్చుంది. జురేమ వాణ్ణి పైనుంచి కిందికి చూసింది. గట్టిగా ఏదో అంటుందని భయపడ్డాను. సంచిలోంచి నీళ్ల సీసా తీసి వాడి చేతికిచ్చి, "ఇంటికెళ్లాక పెరుగు రాసుకో బాబూ, మంట తగ్గుతుంది" అంది. ఇటు తిరిగి నా చెవిలో, "నలభై ఏళ్ల కింద ఇలాంటి తల్లి కొడుక్కి నలుపు సోకనిచ్చేది కాదు. ఇప్పుడు చూడు, ఎండలో ఎండబెట్టి తెచ్చింది" అంది.

"అదే నేననేదీ..." అని మొదలుపెట్టాను.

"ఇక్కడ వద్దు" అంది. మానేశాను.

తైనా పేరు పిలిచారు. తలుపుకి అద్దం ఉంది, లోపల కనపడుతోంది. బల్ల అవతల ఐదుగురు, ఇద్దరు నల్లవాళ్లు, ఒకామె తెల్లామె, మిగతా ఇద్దరూ మధ్యస్థం. పిల్ల నిలబడి కాగితం చదివింది. వాళ్లు చూస్తున్నారు. జురేమ ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకుని నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఆ బట్టల కొట్టువాడు నన్నూ ఇలాగే చూశాడు ఎర్విన్. వాడి చూపు ఇంకా నా ఒంటి మీదే ఉంది. నా పిల్లని కూడా తీసుకొచ్చి నిలబెట్టాను."

"పోదామా? పిలుచుకొచ్చెయ్యనా?" అన్నాను. నిజంగానే లేచాను.

"కూర్చో" అంది. "అది పశువుల డాక్టరు అవ్వాలి."

పిల్ల బయటికొచ్చింది. జురేమ గబగబా ఎదురెళ్లి, "ఏమడిగారే? ఎలా చూశారు? ఏమైనా అన్నారా?" అని భుజాలు పట్టుకుంది.

"ఏమీ అడగలేదమ్మమ్మా. చూశారు. మధ్యలో ఉన్నాయన, ఇలా చూడాల్సి వస్తున్నందుకు ఏమీ అనుకోకమ్మా అన్నాడు. వచ్చేటప్పుడు థాంక్స్ చెప్పాడు."

"థాంక్స్ చెప్పాడా?"

"ఆఁ."

జురేమ బెంచీ మీద కూర్చుని భుజం మీది పాత శాలువాలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ముక్కు తోలు ఊడిన కుర్రాడు ఆమె నీళ్ల సీసా తెచ్చి ఆమెకే ఇచ్చాడు. నేను ఏడ్చానా లేదా అన్నది ఎవరికీ అనవసరం.

ఈసారి ఐదుగురూ ఒప్పుకున్నారు. సీటొచ్చింది. ఆ కబురు విన్నాక నా అభిప్రాయం మారిందా అని మీరడగొచ్చు. సగం మారింది, సగం అలాగే ఉంది. మార్కోస్ ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాడు. తైనా మొహంలో సంతోషం చూస్తే మాత్రం నాకు ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. రెండూ నా కడుపులోనే ఉన్నాయి, నేనేం చెయ్యను?

తైనా కాలేజీలో చేరడానికి ముందు ఆదివారం జురేమ వీధందరినీ భోజనానికి పిలిచింది. పొద్దున్నే తైనా వచ్చి అమ్మమ్మ కుర్చీలో కూర్చుంది. "సాపు చెయ్యి అమ్మమ్మా. ఇవాళ పండగ."

జురేమ పొయ్యి వెలిగించింది. దువ్వెన పెట్టింది. మళ్లీ తీసేసి పొయ్యి ఆర్పేసింది.

"వద్దే. ఎవరైనా ఫోటో తీసి యూనివర్సిటీకి పంపితే? సాపు జుట్టుతో తిరుగుతోంది, దొంగ సీటు అంటే?" ఆ మాటలో అబద్ధం లేదు. అలా ఫోటోలు పెట్టి పిల్లల్ని దొంగలనడం ఊళ్లో జరుగుతూనే ఉంది.

"చదువయ్యేదాకానా?"

పిల్ల మొహం వాడిపోయింది. ఇన్నాళ్లుగా నేను చేస్తున్న వాదన ఆ నిమిషంలో గెలిచింది. దొరికావు జురేమా అనాలి నేను. అనబుద్ధి కాలేదు. పిల్ల మొహం చూస్తే గెలుపు చేదుగా ఉంది. లేచి వెళ్లి నా కొట్టు షట్టర్ దించాను, వచ్చి ఆమె కొట్టు తలుపు కూడా దగ్గరికి వేసి, పీట అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"వెలిగించు పొయ్యి. ఫోన్ పట్టుకుని ఎవడొస్తాడో నేను చూస్తాను" అన్నాను.

జురేమ వచ్చి నన్ను పీటతో సహా పక్కకి నెట్టి తలుపు బార్లా తీసింది. కుర్చీని ఈడ్చుకొచ్చి వీధి గుమ్మంలో వేసింది.

"ఇన్నేళ్లు ఎవరెవరో చూస్తారని సాపు చేశాను. మొన్న ఎవరో చూస్తారని కడిగాను. ఇవాళ ఇది అడిగింది, అందుకు చేస్తాను" అంది. "రావే, కూర్చో. తల వంచాల్సిన పని లేదు, నిటారుగా కూర్చో."

తైనా వచ్చి వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను పొయ్యి వెలిగించాను.